పక్క మంచం మామ్మ

గంగాభవానికి మనుషుల మీద గౌరవం ఏనాడూ లేదు. రైల్వే ప్రైమరీ బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ తోటి టీచర్లంటే చిన్నచూపు. భర్త బతికున్నన్నాళ్ళూ ఆయన ఆఫీసులోని గుమాస్తాలంటే, వాళ్ళ పెళ్ళాలంటే చిన్నచూపు. భర్త పోయాడు. పిల్లలు లేరు. క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. రాయపూర్‌లో టాటీబంధ్ దాటాక, లారీల షెడ్ల వెనక, అమ్మిరాజు అనే అతను నడిపే వృద్ధాశ్రమంలో చేరింది. చేరిన రోజునే అక్కడున్న ముసలివాళ్ళందరినీ ఒక్క చూపులో కొలిచేసి, వీళ్ళలో మాట్లాడదగ్గ మనిషి ఒక్కరూ లేరని తేల్చుకుంది.

"నన్నెవరూ ఇక్కడ పడేసి పోలేదు. నా పెన్షన్ డబ్బుతో నా అంతట నేనే వచ్చాను" అని అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ కూడా చెప్పేది.

అమ్మిరాజు సంగతి ఆమెకు మొదటి వారంలోనే అర్థమైపోయింది. అతను అంతకు ముందు టెంట్ హౌస్ నడిపేవాడు. పెళ్ళిళ్ళకు కుర్చీలూ, షామియానాలూ, గంగాళాలూ అద్దెకిచ్చేవాడు. అందులో కలిసిరాక ముసలివాళ్ళ వైపు తిరిగాడు. నుదుట పొడుగాటి బొట్టు పెట్టుకుని, ప్రతి ఆడమనిషినీ "అమ్మా" అని పిలుస్తూ, ఆ పిలుపు వెనకాలే వంటమనిషిని పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పొయ్యమనేవాడు. ఎవరైనా దాతలు వస్తే మాత్రం ఒక ముసలమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, కళ్ళు తుడుచుకుని, "వీళ్ళే నా దేవుళ్ళు" అనేవాడు. గంగాభవాని అలాంటప్పుడు పుస్తకం అడ్డం పెట్టుకుని మొహం గోడవైపు తిప్పుకునేది. తన కాళ్ళ దగ్గర కూర్చునే అవకాశం అతనికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

ఆ ఇంట్లో ఆడవాళ్ళకు రెండు గదులు, మగవాళ్ళకు ఒకటి. గంగాభవాని మంచం పక్క మంచం పైడమ్మది.

పైడమ్మ విజయనగరం వైపు మనిషి. పొట్టిగా, నల్లగా, కాయలు కాసిన చేతులతో ఉండేది. పొద్దున్నే పెరట్లో బట్టలుతికే బండ దగ్గర గొంతుక్కూర్చుని, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆ కంపుతోనే లోపలికొచ్చి మంచం మీద కూలబడేది. గంగాభవాని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. పైడమ్మకి అది పట్టేది కాదు.

"టీచరమ్మా, ఆ బుక్కులో ఏటుందేటి, పొద్దస్తమానం అలగ సూస్తన్నావు?" అనేది.

"నీకర్థం కాదులే పైడమ్మా."

"కాదు, మరేటి. నాకు నా బతుకే అర్థం కానేదు" అని నవ్వేసి, మధ్యాహ్నం పూట ఊసుపోక తన బతుకే చెప్పుకుంటూ పోయేది. గంగాభవాని పేజీలు తిప్పుతూనే వినేది. విననట్టు కనపడటం ఆమెకు అలవాటైన విద్య.

పైడమ్మ భర్త వ్యాగన్ రిపేరు వర్క్‌షాపులో ఖలాసీ. కొడుకు నూకరాజు చిన్నపిల్లాడిగా ఉండగానే ఆ భర్త జ్వరమొచ్చి పోయాడు. అప్పట్నుంచి ఆమె లోకోషెడ్డు దగ్గర ఇంజన్ల బూడిద కుప్పల్లో సగం కాలిన బొగ్గు ఏరి, గోనెసంచిలో నింపి, హోటళ్ళ పొయ్యిలకు అమ్మేది. రైల్వే పోలీసులు తరిమేవాళ్ళు, లాఠీతో కొట్టేవాళ్ళు కూడా. సీజన్లో గూడ్స్ షెడ్డులో సిమెంటు బస్తాలు మోసేది. అలా మోసి మోసి కొడుకుని ఐటీఐ చదివించింది. వాడు వెల్డింగ్ నేర్చుకున్నాక పుస్తెలమ్మి వాడికి మిషను కొనిచ్చింది. ఇప్పుడు వాడికి ఉర్లాలో ఇనప షెడ్లు కట్టే కార్ఖానా ఉంది. ఊళ్ళో మేడ ఉంది. భిలాయ్‌లో పెరిగిన ఊర్మిళ అనే పెళ్ళాం ఉంది. ఊర్మిళకు అడ్డపొగ వాసన పడదు.

"ఇంటికి రంగులేయిస్తన్నారు. రంగులు ఆరేదాకా ఇక్కడుండమన్నాడు, నా కొడుకు" అని చెప్పేది పైడమ్మ, కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ.

ఆ రంగులు మూడేళ్ళుగా ఆరలేదు. గంగాభవాని ఆ మాట విన్నప్పుడల్లా, ఈ మనిషికి బుద్ధి లేదా, సిగ్గు లేదా అనుకునేది. ఆ కొడుకు వచ్చినప్పుడు కూడా లోపలికొచ్చేవాడు కాదు. గేటు దగ్గర కారు ఇంజను ఆపకుండానే, అమ్మిరాజు చేతికి పళ్ళ సంచీ ఇచ్చి, "అమ్మ బాగుందా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేలోగా వెళ్ళిపోయేవాడు.

అలాంటివాడు ఒక ఆదివారం పెళ్ళాంతో సహా లోపలికొచ్చాడు. ముందు గదిలో కూర్చున్నాడు. అమ్మిరాజు వచ్చి గంగాభవానిని పిలిచాడు. పక్క మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న పైడమ్మని పిలవలేదు.

"టీచరమ్మగారూ, వీళ్ళు మీతో చిన్న పని పడి వచ్చారు. మీ స్థాయికి తగ్గ పనే" అన్నాడు అమ్మిరాజు, చేతులు నలుపుకుంటూ.

ఊర్మిళ కుర్చీ ముందుకు జరుపుకుంది. "భిలాయ్‌లో మా అబ్బాయి జగదీష్‌కి మంచి సంబంధం వచ్చింది, ఆంటీ. అమ్మాయి నాన్న చెన్నకేశవులు గారు స్టీల్ ప్లాంట్‌లో ఆఫీసరు. గుంటూరు వైపువాళ్ళు. ఈ దేశంలో మనవాళ్ళ సంబంధం దొరకడమే గొప్ప. కానీ వాళ్ళ నానమ్మ ఒకావిడ ఉంది. ఇంట్లో పెద్దావిడ లేని సంబంధం చెయ్యొద్దంటోందట. మాకూ మామ్మ ఉంది, ఎల్లుండి పెళ్ళిచూపులకు తీసుకొస్తామని చెప్పేశాం."

"ఉంది కదా మరి. లోపలే కూర్చుని ఉంది. తీసుకెళ్ళండి" అంది గంగాభవాని.

"ఆవిడనా! మీరే చెప్పండాంటీ. ఆ చుట్ట, ఆ మాట! సోఫా మీద కూర్చోమంటే కింద గొంతుక్కూర్చుంటుంది. హమారీ భీ కుఛ్ ఇజ్జత్ హై కదా, మాకూ ఓ పరువుంది. మీరైతే చదువుకున్నవారు. ఒక్క గంట. వచ్చి కూర్చుంటే చాలు."

గంగాభవానికి ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నూకరాజు వైపు తిరిగింది. అతను కారు తాళాల గుత్తి వేలికి తగిలించుకుని దాన్నే పరీక్షగా చూసుకుంటున్నాడు.

"ఏం నాయనా, నీ నోరు పడిపోయిందా? తల్లి పక్కగదిలో ఉండగా ఇంకో తల్లిని వెతుక్కుంటున్నావా?"

"అమ్మకి అలాంటి చోట ఇబ్బందండీ. ఆవిడ సుఖం కోసమే" అన్నాడతను, తల ఎత్తకుండా.

"కుర్చీలు అద్దెకిచ్చిన చెయ్యి ఊరుకుంటుందా? ఇప్పుడు మనుషుల్ని అద్దెకిస్తున్నావా అమ్మిరాజూ?" అంది గంగాభవాని.

అమ్మిరాజు నవ్వేశాడు. "అయ్యో, అద్దేమిటమ్మా! నూకరాజుగారు మన పెరట్లో రేకుల షెడ్డు వేయిస్తామన్నారు. వానాకాలం మీ అందరికీ ఎంత సుఖం!"

గంగాభవాని లేచి నిలబడింది. పిల్లలకు అబద్ధమాడకూడదని జీవితమంతా చెప్పినదాన్ని, నన్నా ఇలాంటిది అడగడం, అని గట్టిగానే దులిపేసింది. ఊర్మిళ బాధపడ్డట్టు కనపడలేదు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "ఏం లేదాంటీ, మిమ్మల్ని చూడగానే తెలిసిపోతుంది, పెద్దింటి మనిషని. అందుకే ఆశపడ్డాం" అంది.

ఆ మాట గంగాభవాని చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. పెద్దింటి మనిషి! ఎన్నేళ్ళయింది ఎవరైనా ఆ మాట అని! ఎవరైనా ఎక్కడికైనా రమ్మని ఎన్నేళ్ళయింది! మర్నాడంతా ఆమె పుస్తకం ఒక్క పేజీ కదల్లేదు. సాయంత్రానికి, ఈ నీచుల నీచత్వం ఎంతదాకా పోతుందో చూడ్డానికైనా వెళ్ళాలని తనకు తనే నచ్చజెప్పుకుని, అమ్మిరాజుతో సరేనంది. అతను ఆశ్చర్యపోనందుకు ఆమెకి ఒళ్ళు మండింది.

పెళ్ళిచూపుల రోజు పొద్దున్న ఊర్మిళ పంపిన గంధం రంగు పట్టుచీర కట్టుకుంటుంటే పైడమ్మ చూస్తూ కూర్చుంది.

"ఎక్కడికి టీచరమ్మా?"

"మా స్నేహితురాలింట్లో శుభకార్యం."

"అలగా" అంది పైడమ్మ. మంచం దిగి వచ్చి, గంగాభవాని పాదాల దగ్గర కూర్చుని, కుచ్చెళ్ళ అంచు పట్టుకుని సమంగా లాగింది. "ఎగుడుదిగుడుగా ఉన్నాయి. నలుగురిలోకి ఎల్లినప్పుడు బాగుండాల" అంది. గంగాభవానికి ఆమె చేతుల్లోని చుట్ట వాసన చీరకంటుకుంటుందని భయం వేసింది. ఆ సమయంలో ఆమెకు తోచింది అంతే.

కారులో ఊర్మిళ దారిపొడుగునా పాఠం చెప్పింది. తాతగారు వర్క్‌షాపులో సూపర్‌వైజరు. మామ్మ బళ్ళో టీచరు. విజయనగరం యాస లేదేమంటే, బళ్ళో చెప్పీ చెప్పీ మారిపోయిందనాలి. వెనక సీట్లో గంగాభవాని పక్కన కూర్చున్న జగదీష్, చక్కగా తల దువ్వుకుని, సెంటు కొట్టుకుని ఉన్నాడు. పైడమ్మ ఒళ్ళో పెరిగిన పిల్లాడు. దిగేటప్పుడు, "మామ్మా, డోరు జాగ్రత్త" అన్నాడు. ఒక్క క్షణమైనా నాలుక తడబడలేదు. తండ్రిని మించినవాడు అనుకుంది గంగాభవాని.

చెన్నకేశవులుగారింట్లో జీడిపప్పు ఉప్మా, మైసూర్‌పాక్, కాఫీలు అయ్యాయి. అమ్మాయి వచ్చి కూర్చుంది, వెళ్ళింది. చెన్నకేశవులు నూకరాజుని కార్ఖానా గురించి, మేడ గురించి అడిగాడు. ఆ ప్రశ్నల్లో పెళ్ళికొడుకు ఎక్కడా లేడు. గోడలమీద షీల్డులూ, అద్దాల బీరువాలో ఎన్నడూ వాడని గాజు గ్లాసులూ చూస్తూ, ఇక్కడా ఇదే సరుకు అనుకుంది గంగాభవాని. ఇద్దరూ ఒకరికొకరు బాగా దొరికారు.

అప్పుడు చెన్నకేశవులు తల్లి కోటమ్మ కర్ర పట్టుకుని వచ్చి ఆమె పక్కన చేరింది. "ఏందమ్మా, చల్లంగ ఉండావా? నిన్ను చూడాలనే ఇంత పట్టు పట్టినా. ఇంటికి పెద్దముండ ఒకతుంటేనే గదా పిల్లకి మంచీ చెడ్డా. ఈ ఊళ్ళో ఎట్టా బతికినారు? నీ కొడుకుని ఎట్టా పెంచుకున్నావు, చెప్పు."

ఊర్మిళ ముందుకు వంగింది. "మా అత్తగారు టీచరమ్మా, మామగారేమో..."

"నువ్వుండమ్మాయ్. ఆమెనడిగినా" అంది కోటమ్మ.

గంగాభవాని నూకరాజు మొహం చూసింది. నున్నగా గీసుకున్న గడ్డం, జేబులో బంగారు రంగు పెన్ను. బుగ్గలో ఇంకా మైసూర్‌పాక్ ముక్క ఉంది. ఆ మొహాన్ని చూస్తుంటే ఆమెకు అసహ్యం వేసింది. చెప్పాలని అనుకుని రాలేదు. కానీ నోరు తెరిచేసరికి వచ్చింది అదే.

"ఎలా పెంచానా? బొగ్గులేరి పెంచానమ్మా" అంది.

ఊర్మిళ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"వీడి నాన్న సూపర్‌వైజరూ కాదు, ఏమీ కాదు. ఖలాసీ. వీడి చిన్నతనంలోనే పోయాడు. నేను లోకోషెడ్డు బూడిద కుప్పల్లో బొగ్గులేరి హోటళ్ళకు అమ్మాను. పోలీసులు లాఠీతో కొట్టారు. సిమెంటు బస్తాలు మోశాను. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో ఒకసారి బొగ్గు సంచీ ఎత్తుకుని వస్తుంటే, తోడు రమ్మని వీణ్ణి పిలిచాను. బళ్ళో పిల్లలు చూస్తారని వీడు ముందు ముందు నడిచిపోయాడు. నేనెవరో తెలియనట్టు. వెనక్కి తిరిగి చూడలేదు." ఆమె చూపు నూకరాజు మీదనుంచి కదల్లేదు. "ఇప్పటికీ తిరిగి చూడ్డు."

ఇక అయిపోయిందనుకుంది. ఈ సంబంధం పెటాకులు, వీడి పరువు పెంట కుప్పలో కలిసింది, బాగా అయింది అనుకుని కుర్చీలో వెనక్కి వాలింది. బడిలో మొండి పిల్లాణ్ణి బెంచీ ఎక్కించినప్పుడు కలిగే తృప్తిలాంటిది కలిగింది.

ముందుగా కోటమ్మ కొంగు కళ్ళకద్దుకుంది. "ఎంత కష్టపడ్డావు తల్లీ! ఇట్టాంటి ఇల్లే కావాల నా మనవరాలికి" అంది.

చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు. "సెల్ఫ్ మేడ్ ఫ్యామిలీ! చూశావా, సున్నా నుంచి పైకొచ్చారు. ఇంత ఉండి కూడా దాచుకోకుండా చెప్పారే!" అన్నాడు పెళ్ళాంతో.

నూకరాజు ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడానికి అతనికి ఆ ఒక్క క్షణం సరిపోయింది. మైసూర్‌పాక్ గబుక్కున మింగి, లేచి వచ్చి, గంగాభవాని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె రెండు పాదాలూ పట్టుకుని బావురుమన్నాడు.

"ఆ పాపం ఇప్పటికీ నన్ను తినేస్తోందమ్మా! ఆ రోజు నేను వెనక్కి తిరగలేదమ్మా! ఆ బొగ్గు సంచీ రోజూ నా కలలోకి వస్తాదమ్మా!"

నిజం కన్నీళ్ళు. గంగాభవాని పాదాలు తడిసిపోయాయి. కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది. అతను వదల్లేదు. జగదీష్ తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎవరో కెమెరా తెచ్చి ఫోటో తీశారు. తాంబూలాలు అక్కడికక్కడే పుచ్చుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఊర్మిళ మొదట బుసలు కొట్టింది. "ఏమాంటీ, చెప్పిందేమిటి, మీరు మాట్లాడిందేమిటి!"

నూకరాజు ముందు సీట్లోంచి నవ్వాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "నువ్వుండెహె. టీచరమ్మగారు అదరగొట్టేశారు. సూపర్‌వైజరంటే వాళ్ళు ఇంతలా కరిగేవోళ్ళా? ఇది మంచి పాయింటు. పెళ్ళిలో కూడా వాడుకోవచ్చు."

గంగాభవాని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నోరంతా చేదుగా ఉంది.

గదిలోకి అడుగుపెట్టగానే పైడమ్మ లేచి కూర్చుంది. "కుదిరిందా?"

"ఏది?"

"ఏదేటి? మా గుంటడి సంబంధం. నాకు తెల్దనుకున్నావేటి? నూకరాజు ముందు నా దగ్గిరికే వచ్చినాడు, పెరటేపు. నన్నేటి సెయ్యమంటావమ్మా అన్నాడు. నానే సెప్పినాను, టీచరమ్మని తీసుకెల్లరా, తెల్లగుంటాది, ఇందీ ఇంగిలీసూ వచ్చు, నీ పరువు నిలబెడతాది అని."

గంగాభవాని మంచం మీద కూలబడింది. పొద్దున్న కుచ్చెళ్ళు సర్దిన చేతుల వైపు చూడలేకపోయింది. కొంతసేపటికి జరిగిందంతా చెప్పింది. వాడికి బుద్ధి చెప్పాలనే చెప్పానంది. బొగ్గుల సంగతి, జ్వరం సంగతి, వాడు వెనక్కి తిరక్కుండా నడిచిపోయిన సంగతి.

వింటున్నకొద్దీ పైడమ్మ మొహం బిగుసుకుపోయింది.

"అది సెప్పీసినావా?"

"నీ తరఫునే కదా చెప్పాను పైడమ్మా!"

"నా తరపునా? నిన్నెవులడిగినారు?" పైడమ్మ గొంతు పెద్దది కాలేదు. అదే భయంగా ఉంది. "ఆడికి మిసనిచ్చినాను, పుస్తెలిచ్చినాను. ఇల్లు ఇడిసిపెట్టి ఇక్కడికొచ్చీమంటే వచ్చినాను. అదొక్కటే ఇవ్వనేదు. ఆ దినం సంగతి ఆడికి గేపకం సెయ్యనేదు, ఎవులికీ సెప్పనేదు. నువ్వు బుక్కు సూస్తన్నావు, ఇనవనుకుని సెప్పుకున్నాను. ఇప్పుడదీ ఆడికిచ్చీసినావు. రేపు ఆడు దాన్నీ అమ్ముకుంటాడు."

గంగాభవాని ఏదో అనబోయింది.

"ఇంత సదూకున్నావు. సెప్పుకోడానికి నీకంటూ ఓ కత నేదేటి, టీచరమ్మా?" అంది పైడమ్మ. దుప్పటీ, దిండూ చంకన పెట్టుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

జీవితమంతా ఇతరులను చూసిన చూపు ఎలా ఉంటుందో గంగాభవాని ఆరోజు మొదటిసారి చూసింది. అది ఒక బొగ్గులేరుకున్న మనిషి కళ్ళలో ఉంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. ఈ చూపు తగిలాక, పట్టుచీర విప్పి మడత కూడా పెట్టకుండా మంచం కిందికి తోసేసింది.

పెళ్ళినాడు కారు వచ్చింది. గంగాభవాని వెళ్ళనంది. అమ్మిరాజు బతిమాలాడు, బెదిరించాడు. పెరట్లో షెడ్డుకు అప్పటికే స్తంభాలు నాటారు, రేకులు రావాలి. "మీరు రాకపోతే వేరే చోటు చూసుకోవాల్సి వస్తుందమ్మా" అన్నాడు చివరికి.

"చూసుకుంటాను. నువ్వు నడిపేలాంటి కొంప ఈ ఊళ్ళో ఇంకోటి దొరక్కపోదు. కానీ పోయేముందు భిలాయ్ వెళ్ళి కోటమ్మగారితో ఒక్క మాట చెప్పి పోతాను. చెప్పనా?"

అమ్మిరాజు మొహంలో అమ్మ భక్తి అంతా ఆవిరైపోయింది. కారు ఖాళీగా వెళ్ళింది. పెళ్ళిలో మామ్మ కాలు విరిగిందనీ, నాగపూర్ ఆస్పత్రిలో ఉందనీ చెప్పారట. నూకరాజు మైకులో బొగ్గు సంచీ కథ చెప్పి అందరినీ ఏడిపించాడట. అక్కడికి వంటకు వెళ్ళొచ్చిన వాళ్ళెవరో ఆశ్రమం వంటమనిషితో చెబితే, అది పైడమ్మ చెవిన కూడా పడింది. ఆమె విని, పెరట్లోకి వెళ్ళి చుట్ట వెలిగించుకుంది. గంగాభవానితో మాత్రం మాట్లాడలేదు. ఎదురుపడితే గోడను తప్పుకున్నట్టు తప్పుకుని పోయేది.

గంగాభవాని ఒకసారి ప్రయత్నించింది. తన వాటా అరటిపండు తీసుకెళ్ళి అవతలి గదిలో పైడమ్మ మంచం మీద పెట్టింది. పైడమ్మ దాన్ని పక్కనున్న ఇంకో ముసలమ్మకిచ్చేసింది. అంతే.

వానాకాలం పోయి చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గేటు ముందు వ్యాన్ ఆగింది. అందులోంచి గంగాళాలు దిగాయి. పులిహోర, గారెలు, బూరెలు, పప్పు, గుమ్మడికాయ పులుసు. అమ్మిరాజు హడావిడిగా అందరినీ వరండాలో వరసగా కూర్చోబెట్టి విస్తళ్ళు వేయించాడు. "ఒక మహానుభావుడు పంపించాడు. పేరడక్కండి. తినండి" అన్నాడు. అని, ఎవరో పిలిచినట్టు లోపలికి తప్పుకున్నాడు. చోటు లేక పైడమ్మ వచ్చి గంగాభవాని పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

వడ్డించడానికి వచ్చినవాడు పాపయ్య. ఉర్లాలో నూకరాజు కార్ఖానాలో పనిచేసే ముసలి మనిషి. కొత్తగా చేరాడు. పులిహోర వడ్డిస్తూ వడ్డిస్తూ గంగాభవాని ముందుకొచ్చి ఆగిపోయాడు. గరిటె చేతిలోంచి జారి గంగాళంలో పడింది.

"ఏమయ్యా, ఏమైంది?" అంది గంగాభవాని.

"అమ్మా... తమరు..." "తమరు పోయారు కదమ్మా!"

"ఎక్కడికి పోయాను?"

"మా బాబుగారింట్లో హాల్లో తమ ఫోటో ఉందమ్మా. దండేసి, బొట్టు పెట్టి. రోజూ దీపం పెడతారు. కొత్త కోడలమ్మగారు దణ్ణం పెట్టుకునే తిరుగుతారు. విజయనగరంలో పోయారనీ, కర్మలన్నీ అక్కడే జరిపించామనీ చెప్పారమ్మా. ఈ భోజనాలు తమ పేరు మీదేనమ్మా!"

గంగాభవాని విస్తరి వైపు చూసింది. గారె, బూరె, పులిహోర. తన చావు భోజనం. ఆ ఫోటో ఎప్పటిదో ఆమెకు తెలుసు. కాళ్ళ దగ్గర నూకరాజు ఏడుస్తున్న ఫోటోలోంచి అతన్ని కత్తిరించి, ఆమె మొహం ఒక్కటే పెద్దది చేయించి ఉంటారు. చచ్చిన తల్లిని గురించి ఆరా తీసే కోటమ్మలు ఉండరు. రోజుకో ఆస్పత్రి అబద్ధం ఆడటం కంటే ఒక్క దండ వెయ్యడం తేలిక.

పక్కన పైడమ్మ కదల్లేదు. చెయ్యి పులిహోర మీద ఆగి ఉంది.

"ఏడిసినాడా?" అని అడిగింది.

పాపయ్యకి అర్థం కాలేదు. "ఎవరు?"

"మీ బాబు. తల్లి పోయినాదని ఏడిసినాడా?"

"బాగా ఏడ్చారమ్మా. వియ్యంకుడుగారు పట్టుకుంటే కానీ ఆగలేదు."

"ఆడికి ఏడుపు బాగొస్తాది" అంది పైడమ్మ.

గంగాభవాని ఆమె వైపు చూడాలో, వద్దో తెలియక విస్తరి అంచుకున్న ఈనె గిల్లుతూ కూర్చుంది. అంతలో పైడమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుంది. తిరిగి చూస్తే నవ్వుతోంది. చప్పుడు లేకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"ఓలమ్మ, టీచరమ్మా! పురుడు నాను పోసుకున్నాను, సావు నీకొచ్చినాది!"

గంగాభవానికి కూడా నవ్వొచ్చింది. రాకూడదనుకుంది, ఆగలేదు. వరసలో ఉన్న మిగతా ముసలివాళ్ళు ఏమిటేమిటని వంగి చూశారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"తింటావా?" అని అడిగింది గంగాభవాని, నవ్వు తగ్గాక.

"ఎందుకు తినను? నా కొడుకు నాకు పెట్టిన మొదటి కూడు ఇది. బతికుండగా పెట్టనేదు." పైడమ్మ గారె తుంచి పులుసులో ముంచింది. "నువ్వూ తిను. పేరు నీది, కూడు నాది."

ఇద్దరూ తిన్నారు. నోరు విప్పితే ఒకరినొకరు అనాల్సిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి. అవి అననూ లేదు, మాసిపోనూ లేదు. పైడమ్మ రెండోసారి పులిహోర వేయించుకుంది. ఉప్పు తక్కువైందని వంకపెట్టింది. గంగాభవాని బూరె ఒకటి తిని, ఇంకోటి అడిగి వేయించుకుంది.

గంగాళాలు తిరిగి వ్యానెక్కిస్తూ పాపయ్య ఇంకా భయంగానే చూస్తున్నాడు. చేతులు కడుక్కుంటున్న పైడమ్మ దగ్గరికొచ్చి, "బాబుగారడుగుతారమ్మా, అందరూ తిన్నారా అని. ఏం చెప్పమంటారు?" అన్నాడు మెల్లగా.

"ముసల్ది కడుపునిండా తిన్నాదని సెప్పు."

"ఏ ముసలమ్మ అని అడిగితే?"

పైడమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంది. "అడగడు. ఆడికి ఏ ముసల్దైనా ఒకటే" అంది.

పాపయ్య తల ఊపి, వ్యాన్ తలుపు లాగి వేసుకున్నాడు. వ్యాన్ లారీల మధ్యనుంచి సందు చేసుకుంటూ ఉర్లా వైపు వెళ్ళిపోయింది.